"బిగైల్" అను మాట: హవ్వ చెప్పిన జవాబు



ఈ సాయంకాలము మనము ధ్యానించునది ఒకే ఒక క్రియాపదము. 1611వ సంవత్సరమున వెలువడిన ఇంగ్లీషు జేమ్సు రాజు తర్జుమాలో, ఆదికాండము 3వ అధ్యాయము 13వ వచనమున, హవ్వ దేవునికిచ్చిన జవాబులో "బిగైల్" అను మాట యున్నది. ఆ చోట మన తెలుగు బైబిలులో "మోసపుచ్చు" అని చదువుకొనుచున్నాము.

ఇందులో రెండు ముక్కలున్నవి. "గైల్" అనగా కపటము. ఇది పాత ఫ్రెంచి భాషనుండి ఇంగ్లీషులోనికి వచ్చినది. ముందున్న "బి" ఇంగ్లీషువారి సొంత ఉపసర్గ. పని మనిషిని అన్ని వైపుల కమ్ముకొన్నదని తెలుపును. కాబట్టి "బిగైల్" అనగా కపటముతో చుట్టివేయుట. తంత్రమను అర్థముగల "వైల్" అను మాట ఈ "గైల్"కు తోబుట్టువని పలువురు పండితులు తలంచుదురు. ఫ్రెంచివారిలో ఒక ప్రాంతమువారు "వ" అన్నచోట మరియొక ప్రాంతమువారు "గ" అనెడివారు. మన హాస్టలు వార్డెను, పిల్లల ఫారములో సంతకము పెట్టు గార్డియను, ఈ రెండు మాటలును అట్లు విడిపోయిన అన్నదమ్ములే!

కాలక్రమమున ఈ మాటకు తీపి అంటుకొన్నది. 16వ శతాబ్దము ముగియునాటికి ప్రొద్దుపుచ్చుట, మనస్సును ఆకట్టుకొనుట అను అర్థములును చేరినవి. తరువాతివారు అందమైన చిరునవ్వును మెచ్చుకొనుటకును దీనినే వాడిరి. 1952 నాటి సవరించిన ఇంగ్లీషు తర్జుమా పాత మాటనే ఉంచినది గాని, 1978లో వచ్చిన న్యూ ఇంటర్నేషనల్ తర్జుమా సూటిగా మోసగించుట అను మాట వేసినది. అర్థము తేటపడిన మాట నిజమే. అయినను పాత మాటే ఆ చోటికి తగినదని మా అభిప్రాయము. ఆ పండు చూచుటకు రమ్యముగా ఉండెను గదా! చేదు చూపి ఎవడును మోసగింపడు.

హెబ్రీ మూలములో మరియొక విశేషము గలదు. 2వ అధ్యాయము చివర ఆదిదంపతులు దిగంబరులని చెప్పు మాట "అరుమ్మీమ్". వెనువెంటనే సర్పము యుక్తిగలదని చెప్పు మాట "ఆరూమ్". చెవికి రెండును ఒకటిగానే వినబడును. నిర్దోషత్వము ప్రక్కనే కపటము వచ్చి నిలిచినది.

ఇంగ్లీషు పాఠములో ఇదే క్రియ మరల యాకోబు నోట వినబడును. రాహేలుకు బదులు లేయాను ఇచ్చిన లాబానును అతడు ఈ మాటతోనే నిలదీసెను. అక్కడి హెబ్రీ క్రియ వేరు. దాని ధాతువు ఏశావు ఆశీర్వాదమును యాకోబు అపహరించిన దినమున ఇస్సాకు పలికిన మాటలో ఉన్నది. తండ్రిని వంచించినవాడు మామచేత వంచింపబడెను. యోహాను సువార్త 1వ అధ్యాయములో ప్రభువు నతనయేలును కపటములేని ఇశ్రాయేలీయుడని మెచ్చుకొనునప్పుడు, ఇశ్రాయేలను పేరు మొదట ఎవరిదో మనము జ్ఞాపకము చేసికొనవలెను.

ఇక హవ్వ జవాబు సంగతి. అది సాకు మాత్రమే అని మన ప్రసంగములలో తరచు చెప్పుదురు. సాకు కొంత ఉన్నది, కాదనము. తిన్నది ఆమెయే, ఆ మాటను ఆమె దాచలేదు. అయితే తరువాతి వచనము చూడుడి. దేవుడు ఆదామును అడిగెను, హవ్వను అడిగెను. సర్పమును ఏమియు అడుగలేదు. నీవు దీని చేసినందున అని నేరుగా శిక్ష విధించెను. అనగా ఆమె సాక్ష్యము అంగీకరింపబడినది. మన సంఘములలో పెండ్లి మాట నమ్మియో, పట్టణములో ఉద్యోగమను మాట నమ్మియో చెడిన ఆడపిల్ల తిరిగివచ్చినప్పుడు, నీ బుద్ధి ఏమైనదని పదిమంది అడుగుదురు. మాట ఇచ్చినవాడు వెనుక బల్లమీద నెమ్మదిగా కూర్చుండి పాట పాడుచుండును. వాని పేరు అడుగువారు ఎందరు?

స్త్రీయే మోసపోయెనని పౌలు తిమోతికి వ్రాసిన మాటను మనలో అనేకులు కంఠస్థము చేసియున్నారు. ఆయనే రెండవ కొరింథీ పత్రిక 11వ అధ్యాయము 3వ వచనములో హవ్వ మోసమును ఉదాహరించి, మీ మనస్సులును అట్లే చెరుపబడునేమో అని భయపడుచున్నాననెను. అక్కడ "మీ" అనగా స్త్రీలు మాత్రమే కాదు. కొరింథు సంఘమంతయు, పెద్దలతో సహా.