పురుగు మందుకు అలవాటు పడుతుందా?



వెంకటగిరికోట చుట్టుపట్ల టమాటా పెట్టే రైతులు మందుల అంగడి ముందు తరచుగా అనే మాట ఒకటి ఉంది. "సార్, పోయిన పంటకు ఈ మందు బాగా పనిచేసింది. ఈసారి పురుగు దీనికి అలవాటు పడిపోయింది" అంటారు. పక్కనున్నాయన అందుకొని "మందులోనే కల్తీ" అంటాడు. కల్తీ మందులు లేవని నేను చెప్పను. కాని అసలైన మందు కొట్టినా పురుగు చావని సందర్భాలు చాలా ఉన్నాయి. అక్కడ జరిగేది అలవాటు కాదు. శాస్త్రంలో దానిని జీవపరిణామం అంటారు. ఈ మాట బడిపుస్తకంలో కోతి బొమ్మ పక్కన చదివి అక్కడే వదలివేశాము. అది మన తోటలో, మన ఖర్చుతోనే జరుగుతూ ఉన్నదని తెలిస్తే మందు కొట్టే పద్ధతి మారుతుంది. అందుచేత ఈనాడు దానిని గురించి చెప్పుకొందాం.

ముందు అలవాటు సంగతి. మనిషి కారం తినగా తినగా దానికి అలవాటు పడతాడు. ఆ అలవాటు అతనితోనే పోతుంది. పుట్టిన బిడ్డ నాలుకకు కారం మళ్ళీ మంటే. మన ఆడపిల్లలకు ఎన్ని తరాలుగా చెవులు కుట్టిస్తున్నాం? చిల్లుపడిన చెవులతో ఒక్క పిల్లయినా పుట్టిందా? ప్రాణి తన బ్రతుకులో తెచ్చుకొన్న మార్పు ఇలా బిడ్డలకు దిగదు. పుట్టుకతో వచ్చిన గుణమే దిగుతుంది.

ఇక కాయతొలుచు పురుగును తీసుకొందాం. ఒక ఆవు ఈనిన దూడలే ఒకదానిలా మరొకటి ఉండవు గదా, లక్ష పురుగులు ఒక్కలాగా ఎందుకుంటాయి? కొన్నింటి ఒంటిలో విషాన్ని విరిచివేసే పదార్థం పుట్టుకతోనే ఎక్కువ. కొన్నింటి నరాలలో మందు పట్టుకొనే చోటు కొంచెం వేరు. మందు పడనంతవరకు ఈ తేడా ఎవరి కంటా పడదు. లెక్క కోసం లక్షలో పది ఇలాంటివి అనుకోండి. మందు కొట్టిన రోజున మిగతావి పోయి ఈ పదే మిగులుతాయి. వాటికిప్పుడు తిండిలో పోటీ లేదు. వాటిని తినే సాలీళ్ళు, అక్షింతల పురుగులు కూడా మన మందుకే చచ్చాయి. ఒక్కొక్క ఆడ రెక్కల పురుగు వెయ్యి దాకా గుడ్లు పెట్టగలదు. గుడ్డు మళ్ళీ రెక్కల పురుగు కావడానికి సుమారు ఒక నెల. నెలనెలా అదే మందు కొడుతూ పోతే, కొన్ని తరాలకు తోటలో ఉన్నదంతా ఆ పదింటి సంతానమే. ఏ ఒక్క పురుగూ మారలేదు, మంద మారింది.

రాగి చేలో మంచి వెన్నులు ఏరి విత్తనానికి పెట్టుకోవడం మీకు తెలిసిన పనే. మందు డబ్బా వీపున వేసుకొని అదే పని మనం పురుగుల విషయంలో తెలియకుండా చేస్తున్నాము. ఇంగ్లండులో చార్లెస్ డార్విన్ 1859లో అచ్చువేసిన గ్రంథంలో కూడా మొదట చెప్పినది రైతులు, పశువుల పెంపకందార్లు చేసే ఈ ఏరుడు సంగతే. మనిషి ఏరినట్లే ఎండ, కరువు, తెగులు కూడా ఏరుతాయని తరువాత చెప్పాడు. దీనినే ప్రకృతి వరణం అంటారు.

"ఆ పది ముందే ఉన్నాయని ఏమి రుజువు? మందే వాటిని అలా మార్చిందేమో" అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. 1952లో అమెరికాలో లెడర్‌బర్గ్ దంపతులు దీనిని తేల్చారు. ఒక పళ్ళెంలో సూక్ష్మజీవులను మచ్చలు మచ్చలుగా పెంచి, దానిమీద మఖ్మల్ గుడ్డ అద్ది, ముద్ర వేసినట్లు ఆ గుడ్డను మందు కలిపిన ఇంకొక పళ్ళెంలో అద్దారు. మందు పళ్ళెంలో ఎక్కడెక్కడ జీవులు బ్రతికాయో చూచుకొని, మందు ఎన్నడూ తగలని మొదటి పళ్ళెంలో సరిగా ఆ చోట్లనుండే జీవులను తీసి పెంచారు. మందుకు తట్టుకొనేవి అక్కడే దొరికాయి. అంటే మందు వాటిని పుట్టించలేదు, బయటపెట్టింది.

ఇది కొత్త సంగతీ కాదు. 1914లోనే అమెరికాలో మెలాండర్ అనే శాస్త్రజ్ఞుడు, పండ్లతోటల పొలుసు పురుగు గంధకం-సున్నం ద్రావణానికి లొంగడం లేదని వ్రాశాడు. మన రాష్ట్రంలో 1987లో కోస్తా జిల్లాల పత్తి రైతులు పైరిథ్రాయిడ్ మందులు మళ్ళీ మళ్ళీ కొట్టినా శనగపచ్చ పురుగు చావక నిలువునా నష్టపోయారు. మన టమాటా కాయ తొలిచేదీ ఆ శనగపచ్చ పురుగే. పేరు పంటనుబట్టి మారుతుంది, అంతే.

మందుకు చావని పురుగు "మేలురకం" పురుగు అని కూడా అనుకోకండి. మందు లేనిచోట చాలాసార్లు అది మామూలు పురుగుకంటె వెనకబడుతుంది. పరిణామమంటే మెట్లెక్కి పైకి పోవడం కాదు. ఉన్న చోటికి తగినది నిలవడం. మన పుంగనూరు ఆవును చూడండి. ఎత్తు సుమారు 70 నుంచి 90 సెంటీమీటర్లు. మేత తక్కువని అది తననుతాను కుదించుకోలేదు. ఈ మెట్టనేలల్లో కొద్దిమేతతో గడుపుకొనే చిన్న పశువులు నిలిచి ఉంటాయి, వాటినే మన పెద్దలు సాకి ఉంటారు. పెద్ద సీమ ఆవు దీనికంటె ఎక్కువ పాలిస్తుంది, నిజమే. ఎండు కసవు మీద కరువు గడిపే పందెం పెడితే నేను పొట్టి ఆవు వైపే ఉంటాను. పలమనేరు పశు పరిశోధనా కేంద్రంలో ఈ జాతిని కాపాడుతున్నది ఊరికే కాదు.

కోతి సంగతీ ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. ఇప్పుడు చెట్టుమీద ఉన్న కోతి మనిషి కాలేదు, కాబోదు. చింపాంజీకి, మనకు సుమారు 60, 70 లక్షల ఏళ్ళ కిందట ఒకే మూలపురుషులున్నారు. అక్కడినుండి పాలు పంచుకొన్నాము. దాయాది ఇంకా బ్రతికే ఉన్నాడేమిటని ఎవరైనా అడుగుతారా? పెదనాన్న కొడుకు మనకు తాత కాడు.

మరి తోటలో చేయవలసినది? సీసా మార్చితే మందు మారినట్లు కాదు. సైపర్‌మెథ్రిన్, డెల్టామెథ్రిన్, లామ్డా సైహలోత్రిన్ — పేర్లు మూడు, కుటుంబం ఒకటే. ఒకదానికి తట్టుకొన్న పురుగు తక్కిన రెండింటినీ చాలావరకు తట్టుకొంటుంది. ఇండాక్సాకార్బ్, ఎమామెక్టిన్ బెంజోయేట్, క్లోరాంట్రానిలిప్రోల్ మూడు వేరువేరు కుటుంబాలు. ఈ నెల తరం పురుగుకు ఒక కుటుంబం వాడితే వచ్చే నెల తరానికి దానిని ముట్టుకోకండి. కొనేటప్పుడు "ఇది ఏ కుటుంబం మందు?" అని అంగడాయనను అడగండి, చెప్పలేకపోతే మీ వ్యవసాయ విస్తరణాధికారికి సీసా చూపండి. మూడు మందులు ఒకే డబ్బాలో కలిపి కొట్టే వాడుక మానుకోండి. సీసామీద ఉన్న మోతాదు దాటకండి, తగ్గించకండి.

ఇంకొకటి, వింతగా తోచవచ్చు: తోటంతా ఒక్క పురుగు లేకుండా తుడిచిపెట్టాలని చూడకండి. మందుకు చచ్చే రకం పురుగులు కొన్ని మిగిలితేనే, మొండి పురుగులు వాటితో కలసి మొండితనం పలచబడుతుంది. చేత్తో ఏరడం, లింగాకర్షక బుట్టలు పెట్టడం, ఎన్.పి.వి. ద్రావణం వాడడం — ఇవన్నీ మందు పడే సార్లను తగ్గిస్తాయి.

బంతి మన ప్రాంతానికి కొత్త పంట కాదు. పదహారు సాళ్ళ టమాటాకు ఒక సాలు బంతి పెడితే రెక్కల పురుగు బంతిమీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది. అక్కడ ఏరివేయడం తేలిక. అయితే రెండూ ఒకేసారి పూతకు రావాలి. నాటేనాటికి టమాటా నారు వయస్సు 25 రోజులు, బంతి నారు వయస్సు 40 రోజులు ఉండాలి. కనుక టమాటా నారు పోయడానికి పదిహేను రోజుల ముందే బంతి నారు పోసుకోండి.