ఈమధ్య నన్ను కదిలించిన సినిమాలు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శి గారు పోయిన వారం ఇంటికొచ్చి, "డి.ఎ. బకాయిల మీద, హెల్త్ కార్డుల మీద మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. మీరు సినిమాల పిచ్చివారు కదా, దాని మీద ఓ పది నిమిషాలు మాట్లాడండి" అన్నారు. ఇలాంటి ఉత్తర్వు నా సర్వీసులో ఎప్పుడూ రాలేదు. వెంటనే ఒప్పుకున్నాను.

నాకిప్పుడు 74 ఏళ్ళు. చిన్నప్పుడు విజయనగరం దగ్గర మా ఊళ్ళో టూరింగు టాకీసులో నేల టిక్కెట్టు కొని, ఇసకని దిబ్బగా పోగేసుకుని దాని మీద కూర్చుని చూసేవాణ్ణి. 'మూగ మనసులు' 1964లో వచ్చింది. నాలుగుసార్లు చూశాను. మూడుసార్లు ఇంట్లో చెప్పకుండా. 2009లో రిటైరయ్యేనాటికి మాత్రం నా అభిప్రాయం స్థిరపడిపోయింది: మంచి సినిమా అన్నది మన కాలంతోనే అయిపోయింది, ఇప్పుడున్నది చెవులు పగిలే మోత, నెత్తురు. ఎవరడిగినా అడక్కపోయినా ఇదే చెప్పేవాణ్ణి.

2018లో మా మనవడు 'మహానటి'కి బలవంతంగా లాక్కెళ్ళాడు. సావిత్రిగా ఇంకో అమ్మాయిని చూడడమా అని ముఖం ముడుచుకునే కూర్చున్నాను. అరగంటకి కీర్తి సురేష్ అన్న సంగతే మరిచిపోయాను. ఆ ఏటి జాతీయ ఉత్తమ నటి అవార్డు ఆమెకే వచ్చింది. దర్శకుడు నాగ్ అశ్విన్ కుర్రవాడే. సావిత్రి గారు 1981లో పోయారు. ఆవిణ్ణి తెర మీద తాజాగా చూసి ఎరగని తరంవాడు అంత శ్రద్ధగా తీశాడంటే, నా అభిప్రాయాన్ని మార్చుకోక తప్పదనిపించింది. అప్పట్నుంచి మళ్ళీ చూడడం మొదలుపెట్టాను. అందులో మూడింటి గురించి చెబుతాను.

మొదటిది 'కేరాఫ్ కంచరపాలెం'. ఇదీ 2018లోనే వచ్చింది. వెంకటేష్ మహా తీశాడు. పెద్ద తారలెవరూ లేరు. చాలామంది ఆ కంచరపాలెం మనుషులే, కెమెరా ముందుకి కొత్తగా వచ్చినవారే. నేను విశాఖపట్నంలో 11 ఏళ్ళు పనిచేశాను కాబట్టి ఆ సందులు, ఆ అరుగులు, ఆ మాట తీరు చూసి సొంతూరికి వెళ్ళినట్టయింది. కథలో రాజు అనే ఆయన గవర్నమెంటు ఆఫీసులో అటెండరు. ఏబై దగ్గర పడుతున్నా పెళ్ళి కాలేదు. దానికి ఊరంతా ఆడిపోసుకుంటారు. ఆ ఆఫీసుకి ఒడిశా నుంచి రాధ అనే ఆఫీసరమ్మ వస్తుంది. ఆవిడ రాజుని మనిషిగా చూస్తుంది. ఆ తరవాత ఏమవుతుందో చెప్పను, చూడనివారు చూడండి.

సినిమా అయ్యాక నాకు నిద్ర పట్టలేదు. మా సెక్షన్లో ఒక అటెండరు ఉండేవారు. నాకంటే పదేళ్ళు పెద్ద. అయినా నేను ఏకవచనంలోనే పిలిచేవాణ్ణి. 11 ఏళ్ళు ఆయన తెచ్చిన మంచినీళ్ళు తాగాను, ఆయన చేత టీ తెప్పించుకున్నాను, ఫైళ్ళు మోయించాను. ఆయన రిటైరైన రోజు దండ కూడా వేశాను. కాని ఆయనకి పెళ్ళయిందో లేదో, పిల్లలెందరో, ఎక్కణ్ణుంచి నడిచొచ్చేవారో ఏనాడూ అడగలేదు. తెలిసినవారికి ఫోన్లు చేసి వాకబు చేశాను. పోయి ఆరేళ్ళయిందన్నారు. ఇక అడగడానికి ఎవరున్నారు?

రెండోది 'బలగం'. 2023 మార్చిలో వచ్చింది. హాస్యనటుడిగా మనకి తెలిసిన వేణు యెల్దండి దర్శకుడు. తెలంగాణ పల్లె కథ. ఆ యాస మొదట పది నిమిషాలు నాకు కాస్త కష్టమైంది, తరవాత అది వేరే యాస అన్న ధ్యాసే పోయింది. కొమురయ్య అనే ముసలాయన పోతాడు. పిండం పెడితే కాకి ముట్టదు. ఎందుకు ముట్టదంటే ఇంట్లో కొడుకుకీ అల్లుడికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. అసలు గొడవ ఎక్కడ మొదలైందంటే, భోజనాల దగ్గర ఒక నల్లి బొక్క దగ్గర. చివర్లో పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడిన పాటకి హాల్లో ఏడవనివారు లేరు. మొగిలయ్య గారు 2024 డిసెంబరులో కన్నుమూశారు. ఊళ్ళలో తెరలు కట్టి జనమంతా కలిసి ఈ సినిమా చూశారని ఆ రోజుల్లో పేపర్లో చదివాం.

మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, హాలుకి రాలేదు. తరవాత ఇంట్లో టీవీలో ఇద్దరం కూర్చుని చూశాం. అయిపోయాక కళ్ళు తుడుచుకుంటూ, "కాకి సంగతి సరే, మీ తమ్ముడి సంగతేమిటి?" అంది.

మీలో కొందరికి తెలుసు. నాకూ మా తమ్ముడికీ 16 ఏళ్ళుగా మాటల్లేవు. మా నాన్నగారి ఇల్లు పంచుకున్నప్పుడు పక్కన మూడడుగుల సందు ఎవరిదన్న దగ్గర వచ్చింది. నల్లి బొక్క కోసం విడిపోయారని వాళ్ళని చూసి నవ్వానుగాని, నాది మూడడుగుల మట్టి. మర్నాడు పొద్దున్న ఫోన్ చేశాను. నాలుగు నిమిషాలు మాట్లాడుకున్నాం. బీపీ మాత్రల గురించి, వాడి కంటి ఆపరేషన్ గురించి. సందు ఊసు ఎవరమూ ఎత్తలేదు. ఆ సంక్రాంతికి వాడు రాలేదు. మరుసటి సంక్రాంతికి వచ్చాడు. రాగానే "ఒరే అన్నయ్యా, బాగా చిక్కిపోయావురా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

మూడోది '35 చిన్న కథ కాదు'. 2024లో వచ్చింది, నందకిశోర్ ఈమాని తీశాడు. తిరుపతిలో ఒక బస్సు కండక్టరు కొడుక్కి లెక్కలు రావు. సున్నాకి విలువ లేదంటారు, మరి ఒకటి పక్కన పెడితే తొమ్మిదికంటే పెద్దదెలా అయిందని అడుగుతాడు. జవాబు చెప్పాల్సిన మేస్టారు వాడికి జీరో అని పేరు పెడతాడు. పదో తరగతి తప్పిన తల్లి, నివేదా థామస్ వేసింది, తాను లెక్కలు నేర్చుకుని పిల్లాడికి నేర్పుతుంది. మా పెద్దబ్బాయి కూడా ఇలాంటి ప్రశ్నలే అడిగేవాడు. ఆఫీసు నుంచి అలిసొచ్చి స్కేలుతో కొట్టేవాణ్ణి. దానివల్ల వాడికి లెక్కలు రాలేదు, నా దగ్గరికి రావడం మాత్రం మానేశాడు. ఇప్పుడు వాడికి ఏబై దాటుతున్నాయి. ఈ సినిమా చూడమని ఫోన్లో చెప్పాను. చూశాడట. "బాగుంది నాన్నా" అన్నాడు, అంతే. నేనూ అంతకంటే అడగలేదు.

సినిమా చూసి మనుషులు మారిపోతారని నేననను. నా వయసులో మారేదెంత? ఆడిటువారు రాసిన అభ్యంతరంలా, మనం మూలన పడేసిన పాత ఫైలు ఒకటి తీసి బల్ల మీద పెడుతుంది. దానికి జవాబు రాయడం మన పని.

చివరగా ఒక్క విన్నపం. మన సంఘంలో నాలుగో తరగతి ఉద్యోగులుగా రిటైరైనవారు కూడా మనతో సమానంగా చందా కడుతున్నారు. కాని ఈ హాల్లో చూడండి, వాళ్ళంతా ఇప్పటికీ వెనక బెంచీల్లోనే ఉన్నారు. ఇద్దరు ముగ్గురు గుమ్మం దగ్గర నిలబడే ఉన్నారు, కుర్చీలు ఖాళీగా ఉన్నా. అలవాటు మనమే చేశాం. వచ్చే ఏడు ఈ వేదిక మీద వాళ్ళలో ఒకరు మాట్లాడాలని, మనం కింద కూర్చుని వినాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఎవరికైనా అభ్యంతరం ఉంటే భోజనాల దగ్గర నాతో చెప్పండి. మాంసం కూర లేదు కాబట్టి నల్లి బొక్క గొడవ రాదు.

పది నిమిషాలన్నారు, పదిహేనయినట్టుంది. సెలవు.