పరుల యింట పనిచేయు మన ఆడపడుచులు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ అనగానే మనకు బావులు, బాటలు, వీధి దీపములు, ఇంటిపన్ను జ్ఞప్తికి వచ్చును. ఇవన్నియు గ్రామములో ఉన్నవారికి సంబంధించిన విషయములు. గ్రామమును విడిచి పట్టణమునకో, పరదేశమునకో పోయి, పరుల యిండ్లలో పనిచేయుచున్న మన ఆడపడుచులను గురించి నేడు కొన్ని మాటలు మనవి చేయదలచితిని. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము వంటి నగరములలో పాచిపని, వంటపని చేయువారిలో పల్లెల నుండి పోయినవారు అనేకులు. కడప ప్రాంతము నుండియు, గోదావరి జిల్లాల నుండియు కువైటు మొదలగు గల్ఫు దేశములకు ఇంటిపనికై పోయిన స్త్రీలును పెక్కుమంది కలరు. వారు పంపిన సొమ్ముతో మన ఊళ్లలో అప్పులు తీరినవి, ఇండ్లు లేచినవి, పిల్లలు బడికి పోవుచున్నారు.

ఇంటిపనికి నేర్పు అక్కరలేదని లోకము తలచును. ఇది సరికాదు. తన యింట పనిచేయుట వేరు, పరుల యింట పనిచేయుట వేరు. అచట ముసలివారు నిద్రించుచుందురు, పిల్లలు చదువుకొనుచుందురు, రోగి మంచముపై ఉండును. వారి మధ్య తిరుగుచు, అలికిడి కాకుండ పని ముగింపవలెను. గదిలోనికి పోవుటకు ముందు తలుపు తట్టవలెను. దుమ్ము దులిపిన పిమ్మట ఊడ్చి, ఊడ్చిన పిమ్మట తుడువవలెను. బల్లమీది కాగితము ఎచట ఉన్నదో అచటనే ఉండవలెను. గాజు గిన్నె పగిలినచో దాచక వెంటనే చెప్పవలెను. ఒక యింటి మాట మరియొక యింటికి మోయరాదు.

పనిలో ప్రమాదములును కలవు. మరుగుదొడ్డి కడుగు యాసిడ్‌ను బ్లీచింగు పొడితో కలిపినచో క్లోరిన్ అను విషవాయువు పుట్టును. తలుపులు మూసిన చిన్న గదిలో అది ఊపిరితిత్తులను దెబ్బతీయును. ఫ్రిజ్, మిక్సీ తుడుచునపుడు స్విచ్చి ఆపి ప్లగ్గు తీయవలెను. ఇట్టి సంగతులు పనికి పోవుటకు ముందే నేర్చుకొనదగినవి. మహిళా సంఘముల సమావేశములలో ఒక పూట వీటికి కేటాయించినను మేలే.

మంచి పనిమనిషికి మౌనము అలంకారమని అందురు. ఈ మాటను మనము జాగ్రత్తగా విడదీసి చూడవలసి యున్నది. మౌనము రెండు విధములు. యజమాని యింటి గుట్టును కాపాడు మౌనము ఒకటి. అది ఆమె గౌరవము. తనకు జరిగిన అన్యాయమును దిగమ్రింగు మౌనము రెండవది. అది ఆమె గౌరవము కాదు, నిస్సహాయత. జీతము ఎగవేసినను, చేయి చేసికొన్నను, పాస్‌పోర్టు లాగుకొన్నను నోరు మెదపకుండుట మంచితనమని ఎవరును బోధింపరాదు. మొదటి మౌనమును ఆమె పాటించును. రెండవ మౌనమును తొలగించుట మన పని.

గౌరవము ఇరువైపులను ఉండవలెను. పేరు పెట్టి మర్యాదగా పిలుచుట, జీతము నియమిత దినమున ఇచ్చుట, వారమునకు ఒక దినము విశ్రాంతి నిచ్చుట యజమాని ధర్మము. ఇల్లంతయు శుభ్రము చేయు మనిషికి వేరు గ్లాసు పెట్టుట, మరుగుదొడ్డిని వాడనీయకుండుట మానవత్వము కాదు. అంటరానితనమును రాజ్యాంగము 17వ అధికరణము నిషేధించినది. ముందు ఇచ్చిన బాకీని చూపి మనిషిని కట్టివేయుట 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము ప్రకారము నేరము. 2013 నాటి లైంగిక వేధింపుల నివారణ చట్టము నివాస గృహమును గూడ పనిచేయు స్థలముగనే పరిగణించును. బాధితురాలు 3 నెలలలోపల జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చును. ఇంటిపనివారి విషయమున ప్రాథమిక ఆధారము కనిపించినచో, ఆ కమిటీ 7 దినములలోగా దానిని పోలీసులకు పంపవలెను.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011 జూన్ 16న జెనీవాలో ఇంటిపనివారికై ప్రత్యేక ఒడంబడికను ఆమోదించినది. ఇతర శ్రామికులకు గల హక్కులు వీరికిని కలవని దాని సారాంశము. మన దేశమున ఇంటిపనివారికి ప్రత్యేక చట్టము కావలెనా యని పరిశీలించుటకు సంఘమును నియమింపవలసినదని 2025 జనవరి 29న సుప్రీంకోర్టు కేంద్ర ప్రభుత్వమును ఆదేశించినది.

ఇక పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు ఏవి?

మొదటిది, ఒక పుస్తకము. గ్రామము నుండి ఇంటిపనికి పోయిన ప్రతి స్త్రీ పేరు, పనిచేయు ఇంటి చిరునామా, యజమాని ఫోను నంబరు, తీసికొనిపోయిన ఏజెంటు పేరు, ఒప్పుకొన్న జీతము అందు వ్రాయవలెను. పరదేశమునకు పోవువారి పాస్‌పోర్టు, వీసా నకళ్లు ఇంటివారియొద్ద తప్పక ఉండవలెను. ఎచట ఉన్నదో తెలియని మనిషిని వెదకుట ఎంతటి అధికారికైనను కష్టమే.

రెండవది, పిల్లలు. 14 ఏండ్లలోపు బాలబాలికలను ఇండ్లలో పనికి పెట్టుకొనుటను 2006 అక్టోబరు 10 నుండి నిషేధించిరి. 2016 నాటి సవరణ ఆ వయస్సు పిల్లలను ఏ ఉద్యోగమునందును నియమింపరాదని శాసించినది. “అన్నము పెట్టి చదివించెదము” అని బంధువులే అడిగినను, ఆ పిల్ల బడికి పోవుచున్నదా యని విచారింపవలెను. అనుమానమున్నచో 1098 నంబరుకు తెలుపవచ్చును.

మూడవది, నమోదు. 2021 ఆగస్టు 26న ప్రారంభమైన ఈ-శ్రమ్‌లో 16 నుండి 59 ఏండ్లలోపు ఇంటిపనివారు పేరు వ్రాయించుకొనవచ్చును. వారికి 12 అంకెల సంఖ్య లభించును. పనికి పోకముందే ఈ కార్యము పూర్తి చేయించుట మంచిది.

నాల్గవది, గల్ఫు ప్రయాణము. ఏజెంటునకు ప్రభుత్వ లైసెన్సు ఉన్నదా యని ముందుగా విచారింపుడు. సందర్శకుల వీసాపై పోయినవారికి అచట పనిచేయు హక్కు లేదు. ఆపద వచ్చినపుడు వారి మాట చెల్లుట కష్టము. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అను ప్రభుత్వ సంస్థలు విదేశీ ఉద్యోగముల విషయమున సమాచార మిచ్చును. కువైటులో 2015లో చేసిన 68వ నంబరు చట్టము ప్రకారము ఇంటిపనివారిచే దినమునకు 12 గంటలకు మించి పనిచేయింపరాదు. వారమునకు ఒక దినము సెలవు, ఏడాదికి 30 దినముల జీతముతో కూడిన సెలవు ఇయ్యవలెను. పాస్‌పోర్టును యజమాని తన యొద్ద ఉంచుకొనరాదు. ఈ నాలుగు సంగతులు కద్దామాగా పోవు ప్రతి స్త్రీకిని కంఠస్థము కావలెను. హక్కు తెలిసినవారే దానిని అడుగగలరు.

ఐదవది, తిరిగి వచ్చినవారి ఆదరణ. పరుల యింట పనిచేసి వచ్చినదని ఆమెను చిన్నచూపు చూచుట, లేనిపోని నిందలు వేయుట కొన్ని గ్రామములలో కనబడుచున్నది. ఈ నిందకు వెరచియే పలువురు స్త్రీలు తమ కష్టమును కన్నతల్లికైనను చెప్పుకొనరు. పంచాయతీ పెద్దలు సభలో ఆమెను గౌరవముగా పలుకరించినచో ఆ నిందలు తమంతట తామే అణగును. పనికి పోదలచిన యువతులకు ఆమె అనుభవము ఏ పుస్తకముకన్నను ఎక్కువ ఉపయోగకరము.

సభ్యులారా, ఈ పనులకు పెద్ద నిధులు అక్కరలేదు. ఒక పుస్తకము, నెలకు ఒక ఫోను పలుకరింపు, కొంత ఓపిక చాలును. మన ఆడపడుచు పరుల యింట నెమ్మదిగా, మర్యాదగా పనిచేయుచున్నది. ఆమెకు కష్టము కలిగిన నాడు, తన మాట వినువారు తన ఊరిలో ఉన్నారను ధైర్యమును ఆమెకు కలిగింతుము గాక.