శరత్తు: వెన్నెల, విందు, వెఱపు

మన పూర్వులు దీర్ఘాయువును కోరునపుడు నూఱు వసంతములు జీవింపవలెనని కోరలేదు. నూఱు శరత్తులు చూడవలెనని, నూఱు శరత్తులు జీవింపవలెనని వేదమంత్రములలోని ప్రార్థన. సంవత్సరమునకు అమరకోశము చెప్పిన పర్యాయపదములలో శరత్తు ఒకటి. కోకిలలను, మామిడిచిగుళ్ళను, మలయమారుతమును గల వసంతమును విడిచి, ఏటిలెక్కకు ఈ ఋతువునే ఏల పట్టుకొనిరని చిన్ననాట మా నాయనమ్మ నడిగితిని. ఆమెకు అమరము రాదు. "చైత్రం ఎవడైనా దాటుతాడురా నాయనా. ఆశ్వీజం, కార్తీకం దాటినవాడే ఏడాది బతికినట్టు" అన్నది. ఆ మాటలోని అర్థము నాకు చాలకాలమునకు గాని తెలియలేదు. నేటి నా ప్రసంగమంతయు దానికి వ్యాఖ్యానమే యనుకొనుడు.

వానకారు వెనుకబడి ఆశ్వయుజము వచ్చుసరికి ఆకాశము కడిగిన పళ్ళెమువలె నుండును. కాలువగట్లపై రెల్లు తెల్లగా పూచును. చెఱువులలో నీరు తేరుకొని అడుగు కనిపించును. వరి పొట్ట విప్పి పాలు పోసికొనుచుండును. కవులు ఇంతవఱకు చూచి సంతోషించిరి. వైద్యులు మఱియొక ప్రక్కనుండి చూచిరి. వానల చల్లదనమునకు అలవాటుపడిన దేహముపై ఒక్కమాఱుగా ఎండ పడుటచే, అంతవఱకు కూడియున్న పిత్తము ఈ ఋతువులో ప్రకోపించునని చరకసంహిత చెప్పుచున్నది. శరత్తు వైద్యులకు తల్లివంటిదని సంస్కృతమున ఒక చమత్కారోక్తి కలదు. హితముగను మితముగను తినువాడు వారికి శత్రువట!

ఈ కాలమునకు చరకుడు విధించిన ఆహారము తీపియు, కొంచెము చేదును గలది, తేలికయైనది, బాగుగా ఆకలియైన పిదప కొలదిగా తినవలసినది. ఎండ, మంచు, పగటినిద్ర, పెరుగు కూడవు. పెరుగు కూడదన్న మాట చెవిని పడగానే తెలుగువాడెవడును తక్కిన మాట వినడు. విననివారిలో నేనును ఒకడను. కాని ఆయన చెప్పిన పానీయమొకటి కలదు. దాని పేరు హంసోదకము. పగలెల్ల ఎండకు కాగి, రాత్రియెల్ల వెన్నెలకు చల్లారి, అగస్త్యనక్షత్రము ఉదయించుటచే దోషము విఱిగిన నీరది. త్రాగుటకును, స్నానమునకును అమృతమువంటిదట. ప్రొద్దు గ్రుంకినపిదప వెన్నెలలో కూర్చుండుటయు ఆయన వ్రాసియిచ్చిన మందులలో నొకటి.

ఈ దినములలో తెల్లవాఱుజామున దక్షిణముగా చూచినచో, నేలకు కొంత యెత్తున అగస్త్యుడు కనిపించును. లుబ్ధకుని తరువాత అంతటి కాంతిగల నక్షత్రము రాత్రి ఆకాశమున మఱియొకటి లేదు. నక్షత్రము నీటిని శుద్ధిచేయదు. వానలు వెలిసి, వఱదనీటిలోని ఒండ్రు అడుగంటు కాలమును మాత్రము అది గడియారపు ముల్లువలె చూపును. మా నాయనమ్మ ఇత్తడిబిందెకు పలుచని గుడ్డ కట్టి రాత్రియెల్ల పెరటిలో నుంచి, ఉదయమున పిల్లలకు తలకొక గ్లాసు పోసెడిది. ఆ చల్లదనము నేటికిని నా నాలుకపై నున్నది. అయినను, నీరు కాచి వడగట్టక త్రాగవలదని నా మనుమలకు నేనే చెప్పుచుందును.

ఇంతటి వెన్నెలగల ఋతువున చీకటియు అంతటిదే. పల్లెలలో పెరిగిన శ్రోతలకు ఆ చీకటి తెలియును. మాగాణిపై మంచు తెరకట్టును. తాటిమట్టలు ఒకదానితో నొకటి ఒరసికొని గరగరలాడును. కీచురాళ్ళు మ్రోగినంతసేపు భయము లేదు. అవి ఒక్కసారిగా ఆగినపుడే గుండె జల్లుమనును. పైరు మీద దూరముగా ఒక వెలుగు కనిపించి, నాలుగడుగులు నడచినట్లై, ఆఱిపోవును. మావైపు దానిని కొరివిదయ్యమందురు. బురదనేలలో ఆకు అలము క్రుళ్ళి పుట్టిన వాయువు మండుటచే అట్టి వెలుగు కలుగునని శాస్త్రజ్ఞులు కొందఱు చెప్పిరి. ఆ సంగతి చదివిన పిదప కూడ నేనొకమాఱు ఒంటరిగా ఆ గట్టు వెంట రావలసివచ్చినది. శాస్త్రము నాతో రాలేదు.

వెఱచుటయందును ఒక సుఖము కలదు. రాత్రి భోజనములైన తరువాత అరుగుమీద చేరి, ఉప్పువేసి ఉడికించిన పచ్చి వేరుసెనగకాయలను చాటలో పోసికొని, మా పెద్ద పాలేరుచేత దయ్యపుకథలు చెప్పించుకొనెడివారము. ఊరిబయటి చింతచెట్టు క్రింద ఆడుగొంతుతో నిప్పు అడిగిన మనిషి కథ వానిలో మేటి. నిప్పు ఇచ్చుచు చూచినచో ఆమె పాదములు వెనుకకు తిరిగియున్నవట! కథ ముదురుకొలది మేము చాట దగ్గఱకు జరిగెడివారము. కాయలు ఎవరు తినిరో తెలియకుండగనే చాటలో పొట్టు మిగిలెడిది.

అయితే, ఆ కథలలో ఒకటి కట్టుకథ కాదు. ప్రొద్దుపోయిన తరువాత పొలమునుండి ఇల్లుచేరిన మనిషికి కొన్నాళ్ళకు చలి పుట్టును. పండ్లు కటకటలాడును. ఒడలు కాలి సంధిమాటలు వచ్చును. చెమటపోసి విడుచును. నడుమ ఒకదినము విడిచి, మరల అదే వేళకు వచ్చును. గాలి సోకినదనిరి, దయ్యము పట్టినదనిరి. గంటకొట్టినట్లు వేళకు వచ్చిపోవు ఆ దయ్యమును పట్టినచోటు మన తెలుగుదేశమే. సికిందరాబాదులో, బేగంపేటయందలి ఒక భవనములో, 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డు రాస్ అను సైనికవైద్యుడు దోమ కడుపుగోడలో చలిజ్వరపు క్రిమిని చూచెను. మఱుసటి సంవత్సరము కలకత్తాలో పక్షులపై పరిశోధించి, దోమకాటువలననే ఆ వ్యాధి వ్యాపించునని నిరూపించెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

వాన వెలిసి గుంటలలో నీరు నిలుచు ఈ మాసములు దోమకును పండుగమాసములే. పిత్తమని చరకుడన్నను, గాలియని మా ఊరివారన్నను, కాలమును మాత్రము ఇరువురును సరిగనే గుర్తించిరి. 1953లో ప్రభుత్వము మలేరియా నియంత్రణ కార్యక్రమమును ప్రారంభించి ఇంటిగోడలకు మందు కొట్టించునంతవఱకు, ఎన్నియో ఇండ్లలో పిల్లల లెక్క తప్పునది ఈ ఋతువులోనే. మా నాయనమ్మ మాటకు అర్థమిది.

ఇట్టి భయమును మనవారేమి చేసిరి? విస్తరి వేసి భోజనమునకు పిలిచిరి.

భాద్రపద బహుళపక్షము పితరులది. శరత్తు గడపలో అడుగుపెట్టుటకు ముందు పదునైదు దినములు, పోయినవారికి పిండమును తర్పణమును ఇచ్చి, వారి పేర అన్నము పెట్టుదురు. కర్ణుని కథయొకటి ఈ పక్షమునకు చెప్పుదురు. ఆయన పరలోకమునకు పోగా, ముట్టినదెల్ల బంగారమైనదట. బ్రతికినన్నాళ్ళు బంగారమునే దానము చేసెను గాని పితరుల పేర పిడికెడు అన్నము పెట్టియెఱుగడు. అన్నదానము చేసివచ్చుటకై ఈ పదునైదు దినములు ఆయనను మరల భూమికి పంపిరట.

ఆ పక్షపు తుదిదినమైన అమావాస్యను తెలంగాణమున పెత్రమాస యందురు. ఉదయము పెద్దల పేర స్వయంపాకము లిచ్చిన యింటి ఆడువారే, సాయంకాలము తంగేడు, గునుగు, బంతిపూలతో తొలి బతుకమ్మను పేర్చి చప్పట్లు చఱచుచు తిరుగుదురు. పోయినవారి దినముననే బతుకమ్మ యను పేరు పలుకుట నాకెప్పుడును ఆశ్చర్యమే. తొమ్మిదవనాడు సద్దుల బతుకమ్మ. పులిహోర, కొబ్బరియన్నము, నువ్వులయన్నము కలిపి, బెల్లముతో నలిపిన మలీదముద్దలు చేసి, చెఱువులో పూలను సాగనంపి, ఆ గట్టుమీదనే పంచుకొని తిందురు. చరకుడు వలదన్న పెరుగన్నము కూడ ఆ సద్దులలో నుండును!

కోస్తాజిల్లాలలో పెరిగిన నాకు బతుకమ్మ పెద్దయైన తరువాత తెలిసినది. మాకు అట్లతద్ది కలదు. ఆశ్వయుజ బహుళ తదియ. ముందటిరాత్రి రుబ్బిన గోరింటాకు పెట్టుకొని, అక్కయ్యలు చేతులు కదలింపక పండుకొనెడివారు. కోడి కూయకముందే నాయనమ్మ అందఱను లేపెడిది. అప్పటికి చంద్రుడు పడమటివైపునకు దిగుచుండును. ఆ వెన్నెలలో, ఎఱ్ఱబడిన అరచేతులతో, వేడియన్నములో గోంగూరపచ్చడి, ఉల్లిపాయపులుసు, చివరకు గడ్డపెరుగు. రాత్రి చంద్రోదయమువఱకు వారికి మఱి తిండి లేదు. ఉపవాసము లేని మగపిల్లలమైన మేమును అదే పంక్తిలో కూర్చుండి, వారికంటె ఎక్కువ తినెడివారము. తిన్నది అరుగుటకు ఊయెలలు, వీథిలో కేకలు, పరుగులు. పగలు చింతచెట్టు పేరు చెప్పిననే బెదరు మా చిన్నక్క, ఆనాటి చీకటిలో ఆ చెట్టుకే ఊయెల కట్టించుకొని ఊగెడిది. పదిమంది కలిసి తిన్న తరువాత ఏ దయ్యమునకైనను ఎదురుపోవచ్చునని నాకు అప్పుడు తోచినది. రాత్రి చంద్రుని చూచి గౌరీదేవికి అట్లు నైవేద్యము పెట్టి, ముత్తైదువకు పదకొండట్లు వాయనమిచ్చిన పిదప మిగిలిన అట్లు బెల్లపుపాకముతో మా వంతునకు వచ్చెడివి.

పండ్లలో ఈ ఋతువునకు సీతాఫలమే రాణి. అమెరికా ఖండపు ఉష్ణభూములనుండి వచ్చిన ఆ పండునకు మనవారు సీతమ్మ పేరు పెట్టి, కొండగుట్టలన్నిట తమదిగా చేసికొనిరి. కార్తికమున ఉసిరిక పండును. దానిక్రింద వనభోజనములు జరుగును.

ఇక విందునకు పిలిచిన అతిథులలో పెద్దవాడు యముడు. నరకచతుర్దశినాడు తెల్లవాఱకముందే తలంటుకొని, ఉత్తరేణికొమ్మ తలచుట్టు త్రిప్పికొని, పదునాలుగు నామములతో యమతర్పణము చేయుదురు. ఆ నామములలో వృకోదరుడనునది యొకటి. తోడేలుకడుపువాడని అర్థము. ఎంతమందిని తిన్నను నిండని కడుపు! అట్టివానికిని ఆకలి తీర్చిన చేయి యొకటి కలదని మనవారి కథ. కార్తిక శుద్ధ విదియనాడు చెల్లెలు యమున పిలువగా ఆమె యింటికి పోయి, ఆమె చేతివంట తిని తృప్తుడై, ఈనాడు సోదరిచేతి అన్నము తినినవానికి అకాలమరణభయము లేదని వరమిచ్చెనట. నాటినుండి భగినీహస్తభోజనము. మా చిన్నక్క ఉన్నన్నాళ్ళు, ఏ ఊరనున్నను నేను ఆ పూట ఆమె యింటికి పోవుచుంటిని. ఆమె వడ్డించుచు, "తిను, యముడే కాదనలేదు, నీదెంత" అనెడిది.

ఇంత తినిపించినవారే కళ్ళెమును కూడ వేసిరి. కార్తికము చివరి ఎనిమిది దినములు, మార్గశీర్షము తొలి ఎనిమిది దినములు యముని కోఱలనియు, అప్పుడు కొలదిగా తినువాడే బ్రతుకుననియు శార్ఙ్గధరుడు వ్రాసెను. కార్తికనక్తములు చేయు మన ఇల్లాండ్రు ఆ గ్రంథము చదువకయే ఆ పని చేయుచున్నారు.

దీపావళి అమావాస్య సాయంకాలమును నేను కావలెనని చివరకు ఉంచితిని. మా ఊరిలో మతాబుల కంటె ముందు దివిటీలు. గోగుకఱ్ఱలకు నూనెలో తడిపిన గుడ్డపీలికలు చుట్టి, వెలిగించి, పిల్లలచేత వాకిటిలో నేలకు కొట్టింతురు. మహాలయపక్షమున మన యింటికి వచ్చిన పితరులు ఈనాడు మరలిపోవుదురనియు, అమావాస్యచీకటిలో వారికి దారి చూపుటకే ఈ వెలుగులనియు శాస్త్రము. మాకు ఆ శాస్త్రము తెలియదు. ఊరిలోని పిల్లలందఱు దివిటీలెత్తినపుడు, పైరుమీది కొరివిదయ్యములు మా వీథికి విందునకు వచ్చినట్లుండెడిది. కొట్టిన తరువాత వెనుకకు చూడక కాళ్ళు కడుగుకొని లోపలికి వచ్చినచో నోటిలో మిఠాయి పెట్టెడివారు.

మా నాయనమ్మ నాచేత ఎప్పుడును రెండు దివిటీలు కొట్టించెడిది. తక్కిన పిల్లలకు ఒకటియే. నాకు రెండు వచ్చినవని కొన్నియేండ్లు గర్వపడితిని. ఒక ఏడు అడిగితిని. "రెండోది ఎవరిది నాయనమ్మా?"

"మీ చిన్నబాబాయిది."

నాకు చిన్నబాబాయి యొకడుండెనని అదే మొదట వినుట. ఆఱవయేట, ఒక ఆశ్వయుజమున, మూడు విడుతల చలిజ్వరముతో పోయెనట. ఆమె దివిటీకి గుడ్డ చుట్టుచు తల యెత్తకయే, "పెద్దవాళ్ళ వెలుగులో వాళ్ళు పోతారు. వాడు నీకన్నా చిన్నవాడు, నడక నెమ్మది. చీకట్లో వెనకబడతాడు" అన్నది. ఆనాడు మా ఇంట చిమ్మిలియుండలు చేసిరి. అవి వానికి ఇష్టమట.

ఆమె పోయి చాలకాలమైనది. నగరమున గోగుకఱ్ఱలు దొరకుట కష్టము. ఊరినుండి వచ్చువారెవరిచేతనైనను తెప్పించుకొందును. మా ఇంట ఇప్పుడు దివిటీలు మూడు. మనుమలు వానిని మేడమెట్ల క్రింద నేలకు కొట్టి, కాళ్ళు కడుగుకొని, చిమ్మిలి కొఱకు నా చుట్టు మూగుదురు.