వయసుకు రుజువేది?

(దుర్గిలో జరిగిన పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగం)



దీర్ఘాయుష్షు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మన పాత గుంటూరు జిల్లాలోనే, తెనాలి దగ్గర గుడివాడలో కర్రె మస్తానమ్మగారు ఉండేవారు. పదకొండో ఏట పెళ్లి, ఇరవై రెండో ఏట భర్త పోయారు. కూలికి వెళ్లి పిల్లలను సాకారు. ఐదుగురిలో చివరకు దక్కింది ఒక్క కొడుకే. అంత కష్టపడిన మనిషి వంట చేస్తుంటే 2016లో మునిమనవడు వీడియో తీసి యూట్యూబులో పెట్టాడు. ఆరుబయట కట్టెల పొయ్యి, గోళ్లతో అల్లం గీకడం, పుచ్చకాయలో కోడికూర వండటం లక్షలమంది చూశారు. 2018 డిసెంబరులో కన్నుమూశారు. 107 ఏళ్లన్నారు. కానీ జనన పత్రం లేదు.

ఫ్రాన్సులో జీన్ కాల్మెంట్ 1875 ఫిబ్రవరి 21న పుట్టి 1997 ఆగస్టు 4న పోయారు. 122 ఏళ్ల 164 రోజులు. సందేహించినవారికి చూపడానికి పుట్టుక, పెళ్లి, జనాభా లెక్కల కాగితాలున్నాయి. మన దేశమంతటికీ జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో.

నేను ఉపాధ్యాయుణ్ణి. రాళ్లు చెక్కేవారి పిల్లలను బడిలో చేర్చుకుంటూ, ఎత్తు చూసి, పళ్లు చూసి, జూలై 1 అని ఎన్నోసార్లు రాశాను. వాళ్ల రిటైర్మెంటు తేదీ కూడా రాస్తున్నానని అప్పుడు తట్టలేదు.

అది మా ఇంట్లోనే తెలిసొచ్చింది. నాన్నగారు పోయాక అమ్మకు ఫ్యామిలీ పెన్షను వచ్చేది. వయసు పైబడితే అదనపు పెన్షను ఉందని అడగబోతే, కాగితాల్లో అమ్మ పుట్టినతేదీ గడి ఖాళీ. రుజువు తెమ్మన్నారు. "నన్ను చూస్తే తెలియడం లేదా నాయనా?" అంది అమ్మ. తిరగడానికి రెండేళ్లు పట్టింది. ఉత్తర్వు వచ్చేనాటికి అమ్మ లేదు.

ఆ గడి నాన్నగారు నింపలేదు. చదువుకున్న కొడుకునై ఉండి నేనూ చూడలేదు.

అందుకే ఒక్క మనవి. ఈ రాత్రికి మీ పి.పి.ఓ. తీయండి. మీ ఆవిడ పుట్టినతేదీ ఉందా, ఆధార్‌లోని తేదీతో కలుస్తోందా చూడండి. లేకుంటే మీరుండగానే రాయించండి. మన తర్వాత ఆ ముసలితనంలో ఆమెను ఆఫీసుల చుట్టూ తిప్పవద్దు.