చేపకు లేని మైల నీళ్లకెట్లొచ్చె?

(మోకిలలో చేసిన ప్రసంగం)



మిరుగు నాడు చేప తినాలంటరు. చిన్నప్పుడు నేను సుత బడి ఎగ్గొట్టి చెరువుల గాలమేసినోన్నే. పొద్దుమూకేదాక కూసుంటే ఎర్ర పోయె, గాలం పోయె, కొర్రమట్ట తోకతోని మొఖం మీద నీళ్లు చల్లి పోయె! ఇంటికాడ చింతపులుసు కాగుతున్నది. అవ్వ అన్నది: "చేప ఉన్నదనుకొని తిను బిడ్డా."

నవ్వుండ్రి, కానీ ఆలోచించుండ్రి. మన చెయ్యి తగిలితే చెరువు నీళ్లు మైల అన్నరు. అవే నీళ్లల్ల బలిసిన కొర్రమట్టను లొట్టలేసుకుంట తిన్నరు. పులుసుల పడంగనే మైల పోయిందా?

ఆ మైల లెక్కను బాబాసాహెబ్ 1927 మార్చి 20న మహద్ చౌదార్ చెరువు నీళ్లు తాగి ధిక్కరించిండు. 1985 జులైలో కారంచేడు చెరువు కాడ పుట్టిన గొడవే మనోళ్ల ప్రాణాలు తీసింది.

2023లో మోకిలలో హెచ్.ఎం.డి.ఏ. ప్లాట్లు వేలమేసింది. గజం ధర అందరికీ ఎరుకే. చెరువు శిఖం హద్దు ఎందరికెరుక? నక్షా అడుగుదాం, హద్దురాళ్లు చూద్దాం. చెరువుంటేనే చేప. ఉత్త పులుసు తిన్నది చాలు!

జై భీమ్!