కొట్టు దాకా వచ్చిన పరిశోధన: వులిమిరి రామలింగస్వామి స్మారకోపన్యాసం



వైద్య పరిశోధన గురించి ఉపన్యాసమంటే పైన కాలేజీ హాల్లో పెట్టుకోవడం మనకు అలవాటు. ఈసారి నిర్వాహకులు దాన్ని విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) డౌన్ దించి, జగదాంబ దాటించి, పూర్ణా మార్కెట్ దగ్గరికి తెచ్చారు. ముందు వరసల్లో డాక్టర్లున్నారు, వెనక వరసల్లో కిరాణా వర్తకులున్నారు. నేను మాట్లాడబోయేది ఎక్కువగా వెనక వరసల వారితో. ముందు కూర్చున్నవారు ఏమీ అనుకోరనే నమ్ముతున్నాను.

రామలింగస్వామిగారు 1921 ఆగస్టు 8న శ్రీకాకుళంలో పుట్టారు. మన ఆంధ్ర వైద్య కళాశాల 1923లో మొదలైంది. అంటే కాలేజీ కంటే ఆయన రెండేళ్లు పెద్ద. 1944లో ఎం.బి.బి.ఎస్., 1946లో ఎం.డి. ఇక్కడే పూర్తిచేశారు. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేటు, కూనూరు పోషకాహార పరిశోధనాశాలలో ఉద్యోగం, ఆపైన ఢిల్లీ ఎయిమ్స్. 1969 నుంచి పదేళ్లు ఎయిమ్స్ డైరెక్టరుగా, 1979 నుంచి 1986 వరకు భారత వైద్య పరిశోధన మండలి అధిపతిగా పనిచేశారు. 1986లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. 2001 మే 28న కన్నుమూశారు. పదవుల సంగతి ఇంతటితో చాలు.

ఆయన చదివింది పాథాలజీ. పాథాలజిస్టు గాజుపలక మీద కణాలను చూస్తాడే తప్ప మనిషిని చూడడని వైద్య విద్యార్థులు వేళాకోళమాడుతుంటారు. ఆ పాథాలజిస్టు లక్ష మందిని, వాళ్ల వంటిళ్లను, వాళ్లు ఉప్పు కొనే కొట్లను ఒకేసారి పరిశీలించాడు. ఆ కథే ఇవాళ్టి విషయం.

హిమాలయాల అడుగున కాంగ్రా లోయ ఉంది. ఇప్పుడు హిమాచల్‌ప్రదేశ్‌లో ఉన్న ఆ లోయ 1950లలో పంజాబ్‌లో ఉండేది. అక్కడ మెడ ముందు గడ్డలా ఉబ్బే గాయిటర్ ఎంత సాధారణమంటే, కొన్ని ఊళ్లలో దాన్ని రోగమని ఎవరూ అనుకునేవారు కాదు. థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ కావాలి. అది చాలినంత అందకపోతే, ఉన్న కాస్తనూ ఒడిసిపట్టడానికి గ్రంథి పెరుగుతుంది. కొండ నేలల్లోని అయోడిన్‌ను మంచూ వానా వరదా యుగాలుగా కడిగేశాయి. ఆ నేలలో పండిన గింజలో అయోడిన్ ఉండదు, ఆ గడ్డి మేసిన పశువు పాలలోనూ ఉండదు. మెడ వాపు పైకి కనిపించే భాగం మాత్రమే. గర్భిణికి అయోడిన్ తక్కువైతే కడుపులోని బిడ్డ మెదడు సరిగా ఎదగదు. లోటు మరీ ఎక్కువైన చోట చెవిటి, మూగ, బుద్ధిమాంద్యం గల పిల్లలు పుడతారు. ఓ మోస్తరు లోటున్న చోట బడిలో కాస్త వెనకబడే పిల్లలు పుడతారు. ఈ రెండో రకాన్ని ఎవరూ లెక్కపెట్టరు. నష్టమంతా అక్కడే ఉంది.

కారణం కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 1917లోనే అమెరికాలో ఆక్రన్ నగరపు బడిపిల్లలకు అయోడిన్ ఇచ్చి డేవిడ్ మెరీన్ ఫలితం చూపించాడు. 1920లలో స్విట్జర్లాండ్‌లోనూ అమెరికాలోనూ అయోడిన్ ఉప్పు అమ్మకానికి వచ్చింది. మరి రామలింగస్వామిగారు చేసిందేమిటి? భారతదేశపు ఉప్పులో, భారతదేశపు తేమలో, భారతదేశపు కిరాణా కొట్ల ద్వారా అది పనిచేస్తుందా అని అడిగారు. ఇది చిన్న ప్రశ్నేననీ కొత్తదనం లేదనీ కొట్టిపారేసే పరీక్షకులు ఆనాడూ ఉండే ఉంటారు, ఈనాడూ ఉన్నారు.

1956లో పని మొదలైంది. సుమారు లక్ష జనాభా ఉన్న ప్రాంతాన్ని మూడు భాగాలు చేశారు. ఒకదానికి పొటాషియం అయొడైడ్ కలిపిన ఉప్పు, ఒకదానికి పొటాషియం అయొడేట్ కలిపిన ఉప్పు, మధ్యదానికి ఏమీ కలపని మామూలు ఉప్పు. మొదట్లో మూడు చోట్లా గాయిటర్ దాదాపు ఒకటే, నూటికి 38. 1962లో మళ్లీ చూశారు. అయొడైడ్ భాగంలో 19కి, అయొడేట్ భాగంలో 15కి దిగింది. మామూలు ఉప్పు తిన్నచోట 40. అంటే అక్కడ తగ్గలేదు సరికదా, ఒక పిసరు పెరిగింది.

ఈ ప్రయోగంలో మాత్ర మింగమని ఎవరినీ బతిమాలలేదు. సూది లేదు, ఆసుపత్రికి రమ్మనడం లేదు. చేసిందల్లా ఏ భాగానికి ఏ ఉప్పు బస్తా వెళ్లాలో కట్టుదిట్టం చేయడమే. పక్క భాగం ఉప్పు ఇటు రాకూడదు, ఇక్కడిది అటు పోకూడదు. వర్తకులూ, సరఫరా చూసే గుమాస్తాలూ ఈ పరిశోధనలో సగం పని చేశారనే నేనంటాను. ప్రచురించిన వ్యాసాల్లో వాళ్ల పేర్లుండవు.

అయొడైడా, అయొడేటా అన్నది రసాయనశాస్త్రజ్ఞుల ముచ్చటగా కనిపిస్తుంది గానీ, సముద్రపు ఒడ్డున ఉప్పమ్మే మీకది సొంత విషయం. తేమ తగిలితే అయొడైడ్ నిలవదు, అయోడిన్‌గా మారి గాలిలో కలిసిపోతుంది. అయొడేట్ గట్టిది. శుద్ధిచేసిన పొడి ఉప్పు వాడే దేశాలకు అయొడైడ్‌తో సరిపోయింది. మన ఉప్పు నీరు కారుతుంది, గోనెసంచుల్లో ప్రయాణిస్తుంది, వానాకాలంలో కొట్టు ముందు కరుగుతుంది. ఇవాళ మన దేశంలో ఉప్పుకు కలిపేది అయొడేటే.

లెక్క కూడా వర్తకుడికి నచ్చేదే. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు. ఇంటికి చేరిన ఉప్పులో గ్రాముకు కనీసం 15 మైక్రోగ్రాములుండాలని నియమం. పది గ్రాముల ఉప్పు తింటే రోజు అవసరం తీరిపోతుంది. దారిలో పోయేది పోగా అంత మిగలాలని ఫ్యాక్టరీ దగ్గర దానికంటే ఎక్కువే కలపమన్నారు. నా తోటి డాక్టర్లు ఇప్పుడు రక్తపోటు గురించి గొంతు సవరించుకుంటున్నారు. నిజమే, ఉప్పు తగ్గించమనే మనం చెబుతున్నాం. తగ్గించి తిన్న ఆ కాస్త ఉప్పులోనైనా అయోడిన్ ఉండాలంటున్నాను. ఈ రెండు మాటలకూ తగవు లేదు.

ఒక ఇబ్బందికరమైన ప్రశ్నను దాటవేయడం నాకిష్టం లేదు. కారణం తెలిసీ, మందు తెలిసీ, మధ్య భాగపు జనానికి ఆరేళ్లు మామూలు ఉప్పే ఇవ్వడం న్యాయమా? ఆ ఆరేళ్లలో అక్కడా గర్భిణులుంటారు కదా. ఇప్పటి పరిశోధన నైతికతా సంఘం ముందుకు ఈ ప్రతిపాదన వెళితే నెగ్గదు. పోలిక లేకపోతే ప్రభుత్వం నమ్మేది కాదని సమర్థించేవారున్నారు. ఆ మాటలో నిజముంది, దాని ఖరీదు కూడా ఉంది. 1962లో తేడా తేలగానే మధ్య భాగానికీ అయోడిన్ ఉప్పు పంపారు. 1968 నాటికి అక్కడ గాయిటర్ నూటికి 17కి దిగింది, మిగిలిన రెండు చోట్లా తొమ్మిది దరిదాపులకు వచ్చింది. నా మట్టుకు నేను ఆ ప్రయోగాన్ని గౌరవిస్తాను, ఆ మధ్య భాగాన్ని మాత్రం మరవను.

1962లోనే కేంద్రప్రభుత్వం జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం ప్రకటించింది. తర్వాత నత్తనడక. తినే ఉప్పంతటికీ అయోడిన్ కలపాలన్న నిర్ణయానికి 1984 దాకా పట్టింది. కలపని ఉప్పును తిండికి అమ్మకూడదని 1990ల చివర నిషేధం పెట్టారు, 2000లో ఎత్తేశారు, 2006లో మళ్లీ పెట్టారు. ఎత్తేయడానికి చెప్పిన కారణాలు పూర్తిగా తీసిపారేయదగ్గవి కావు. చిన్న ఉప్పు రైతు అయోడిన్ కలిపే యంత్రమెక్కడ తెస్తాడు? 1930లో ఉప్పు కోసం జైలుకెళ్లిన దేశంలో ఫలానా ఉప్పే తినమని శాసిస్తారా? రెండూ అడగాల్సిన ప్రశ్నలే. అయితే మొదటిదానికి జవాబు చిన్న రైతుకు యంత్రం సమకూర్చడం, నిషేధం ఎత్తేయడం కాదు. రెండోదానికి జవాబు చెప్పాల్సింది ఇంకా పుట్టని బిడ్డ తరఫున. ఏ ఉప్పు కావాలో ఎంచుకునే వీలు ఆ బిడ్డకెలాగూ లేదు.

ఇక మన ఊరి సంగతికి వస్తాను. 2018–19లో దేశమంతా ఇళ్లలో ఉప్పు నమూనాలు తీసి పరీక్షించారు. చాలినంత అయోడిన్ ఉన్న ఉప్పు వాడే ఇళ్లు దేశం మొత్తం మీద నూటికి 76.3. ఆంధ్రప్రదేశ్‌లో 63.9. మనకంటే కింద ఉన్నది తమిళనాడు ఒక్కటే, 61.9. రామలింగస్వామి పుట్టిన రాష్ట్రం చివరి నుంచి రెండోది. ఈ అంకె మన కాలేజీలో ఏ గోడ మీదనైనా రాసిపెట్టదగ్గది.

కొండల్లో కాదు, కోస్తాలో ఎందుకిలా? ఉప్పు మనకు మరీ దగ్గర కావడం వల్లనే అనుకుంటాను. నౌపడ ఉప్పు మడుల పేరు వినని ఉత్తరాంధ్ర మనిషి ఉండడు. కొటారు నుంచి నేరుగా బస్తాల్లో వచ్చే గళ్ళుప్పు చవక. దానికి తోడు, సముద్రపు ఉప్పులో అయోడిన్ దానంతటదే ఉంటుందనే నమ్మకం ఒకటి. చదువుకున్నవాళ్లూ ఇదే అంటారు. సముద్రపు చేపలో ఉంటుంది, నాచులో ఉంటుంది. మడిలో ఎండి గడ్డకట్టిన ఉప్పులో మాత్రం లెక్కలోకి రానంత తక్కువ. మూడో కారణం ఆవకాయ. అయోడిన్ ఉప్పు వేస్తే ముక్క మెత్తబడుతుందని, రంగు మారుతుందని మన ఇళ్లలో గట్టి నమ్మకం. ఎండాకాలంలో పచ్చడి పేరున కొన్న గళ్ళుప్పు పచ్చడి అయిపోయాక కూరలోకీ పప్పులోకీ చేరుతుంది. ఆవకాయ జోలికి నేను రాను, విశాఖలో బతకాలి కదా. ఆ జాడీ ఉప్పును మాత్రం రోజువారీ వంట డబ్బాలోకి రానివ్వకండి. గళ్ళుప్పే కావాలంటే అయోడిన్ కలిపిన గళ్ళుప్పూ దొరుకుతుంది, అడిగి తీసుకోండి.

ఇందుకు మన కాలేజీ చేయగలిగింది చాలా ఉంది, పెద్ద గ్రాంటుతో పనిలేదు. చిటికెడు ఉప్పు మీద పరీక్ష ద్రావణం ఒక చుక్క వేస్తే అయోడిన్ ఉన్న ఉప్పు నీలమవుతుంది. ఉందో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది, ఎంత ఉందో తేల్చడానికి లేబొరేటరీకి తెచ్చుకోవాలి. కమ్యూనిటీ మెడిసిన్ విద్యార్థులు ఏటా వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి పూర్ణా మార్కెట్‌లో కొట్టు కొట్టుకూ తిరిగి నమూనాలు తీసుకోవచ్చు. వానాకాలం తేమలో ఇక్కడి కొట్లలో అయొడేట్ ఎంత నిలుస్తుందన్నది మంచి పరిశోధన ప్రశ్న. దానికి జవాబు ఈ మార్కెట్‌లోనే దొరకాలి. వర్తకులను జరిమానాలతో బెదిరించడానికి కాకుండా, ఏ సరుకు ఎక్కడి నుంచి తెప్పించుకోవాలో వాళ్లకు చెప్పడానికి ఆ ఫలితాలు వాడాలి.

చివరగా రామలింగస్వామిగారి సొంత జిల్లా గురించి ఒక మాట. ఉద్దానంలో కిడ్నీ జబ్బు మీకందరికీ తెలిసిందే. కేజీహెచ్ నెఫ్రాలజీ విభాగం ఆ రోగులను ఏళ్లుగా చూస్తోంది. డాక్టర్ టి. రవిరాజు బృందం 2019లో ప్రచురించిన సర్వేలో రెండు వేలకు పైగా పెద్దవాళ్లను పరీక్షిస్తే నూటికి 18 మందిలో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు బయటపడింది. వారిలో ఎక్కువమందికి షుగరు వంటి మామూలు కారణాలేవీ లేవు. భూగర్భజలమా, పురుగుమందా, ఎండలో చాకిరీయా, వంశపారంపర్యమా? ఇదేనని అందరూ ఒప్పుకునే కారణం ఇంకా దొరకలేదు. గాయిటర్‌కు కారణం దొరికింది కాబట్టి కొట్టులో దానికి విరుగుడు అమ్మగలిగాం. ఉద్దానానికి ఏమి అమ్మాలో ఎవరికీ తెలియదు.

అయినా అక్కడ ఒక పని జరిగింది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రంతో పాటు, రూ. 700 కోట్లతో హిరమండలం రిజర్వాయరు నీటిని ఉద్దానం ఊళ్లకు అందించే పథకాన్ని ప్రారంభించారు. ఇంజనీర్ల లెక్కలో అది తాగునీటి పథకం. పాథాలజిస్టు కళ్లతో చూస్తే అది కాంగ్రా అంత పెద్ద ప్రయోగం, అదీ ఎవరినీ మధ్య భాగంలో నిలబెట్టకుండానే జరుగుతోంది. బోరు నీరు తాగిన జనం నది నీటికి మారితే కొత్తగా జబ్బుపడేవారి సంఖ్య తగ్గుతుందా? తగ్గితే నేరం నీటిదన్న అనుమానం బలపడుతుంది, తగ్గకపోతే మరోవైపు వెతకాలి. ఎటు తేలినా లాభమే. ఏ ఊరికి ఏ నెలలో కొళాయి వచ్చిందో, ఏ ఇల్లు ఇంకా బోరు నీళ్లే తాగుతోందో, ఆ ఇళ్లలో కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ ఏటేటా ఎంతో ఊరి పేరు పెట్టి రాసుకుంటూ పోవాలి. కాంగ్రాలో మొదటి లెక్క తేలడానికి ఆరేళ్లు పట్టింది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు నెమ్మదిగా ముదురుతుంది గనుక ఇంకా ఎక్కువే పట్టవచ్చు. ఇవాళ ఈ సభలో ఉన్న మొదటి సంవత్సరం విద్యార్థులు ప్రొఫెసర్లయ్యే లోపు ఆ పని అయ్యేలా, రాబోయే ఏడాది సర్వేలోనే నీటి ప్రశ్న కూడా చేర్చమని నెఫ్రాలజీ, కమ్యూనిటీ మెడిసిన్ విభాగాల వారిని అడుగుతున్నాను.